కురుసుర కడుపులో రెండు పూటలు: విశాఖ బీచ్ రోడ్డు జలాంతర్గామి ప్రదర్శనశాల

శుక్రవారం రాత్రి పదింటికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు టీ తాగుతూ నిలబడిన మేం నలుగురం, మరునాటి మధ్యాహ్నానికి విశాఖపట్నంలో ఉంటామని అప్పటివరకు అనుకోలేదు. ఆ షెడ్డు నడిపే మిత్రుడు ఇరవై ఏళ్ళుగా లారీ ఇంజన్లు విప్పి బిగిస్తున్నవాడు. రెండో మిత్రుడు బ్యాంకు ఉద్యోగి, ఆరడుగులు దాటిన మనిషి. మూడోవాడు బడిలో లెక్కల మాస్టారు, మూసి ఉన్న చోటంటే చిన్నప్పటి నుంచీ భయం ఉన్నవాడు, అయిదో అంతస్తుకైనా మెట్లెక్కి వెళ్తాడే కాని లిఫ్టులో కాలు పెట్టడు. "సముద్రం చూసి ఎన్నేళ్ళయిందిరా" అని బ్యాంకు మిత్రుడు అన్న మాట ఒకటే ఈ ప్రయాణానికి కారణం. ఎవరింట్లో వాళ్ళు ఒప్పించుకుని, తెల్లవారుజామున స్టేషనులో కలుసుకుని, రిజర్వేషను లేకుండానే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టె ఎక్కాం. కొవ్వూరు దాటి గోదావరి మీదికి బండి చేరేసరికి ముగ్గురికి సీటు దొరికింది. అన్నవరం దగ్గర కొండ మీద సత్యనారాయణస్వామి గుడి కనిపించినప్పుడు, ఈ బండికి పేరిచ్చిన రత్నగిరి అదేనని మాస్టారు గుర్తుచేస్తే అందరం అక్కడి నుంచే దండం పెట్టుకున్నాం.

ఇలా ఆలోచన లేకుండా బయలుదేరేవాళ్ళు సాధారణంగా బండిలోనే ఒక జాబితా తయారుచేసుకుంటారు. మేమూ చేశాం: కైలాసగిరి, రుషికొండ, సింహాచలం, భీమిలి, తొట్లకొండ, వీలైతే అరకు. మా చేతిలో ఉన్నది ఒక రోజు కంటే కాస్త ఎక్కువ సమయం మాత్రమే. చివరికి ఆ జాబితాలోని చోట్లలో ఒక్కటి కూడా చూడకుండా, జాబితాలో లేని ఒక్క చోటికి రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చాం. అది రామకృష్ణా బీచ్‌లో ఇసుక అంచున నిలిపి ఉంచిన ఐఎన్‌ఎస్ కురుసుర అనే జలాంతర్గామి. విశాఖకు హఠాత్తుగా బయలుదేరే స్నేహితులు ఆ ఊళ్ళో తప్పకుండా సమయం పెట్టవలసిన చోటు ఇదేనని నా అభిప్రాయం. ఎందుకో వివరంగా రాస్తాను.

అంతకుముందు బస, భోజనం గురించి నాలుగు మాటలు. ఫోనులో ఫోటోలు చూసి బండిలోంచే మాట్లాడుకున్న లాడ్జి గది ఆ ఫోటోల్లోని గది కాదు. కిటికీ గోడకు తెరుచుకుంటుంది, నలుగురికని చెప్పి ఇచ్చిన గదిలో ఉన్నవి రెండు మంచాలు. సెలవు రోజుల్లో బయలుదేరిన నాడే గది వెతుక్కునేవాళ్ళు ముందుగా డబ్బు కట్టకుండా, గది కళ్ళారా చూశాకే ఖరారు చేసుకోవడం మేలు. భోజనం మాత్రం బాగా కుదిరింది. జగదాంబ కూడలికి దగ్గరలో ఒక చిన్న మెస్సులో వంజరం వేపుడుతో తిన్న అన్నం ఆరు గంటల జనరల్ పెట్టె అలసటను తీర్చింది.

ప్రదర్శనశాల మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి తెరుస్తారు. సోమవారం సెలవు. మేం రెండున్నరకు చేరాం. టికెట్లకు నలుగురికి కలిపి అయిన ఖర్చు ఆ పూట భోజనానికి అయినదాన్ని మించలేదు. రోడ్డు మీద నిలబడి చూసినప్పుడు కురుసుర నల్లటి పెద్ద చేపలా కనిపిస్తుంది తప్ప దాని పరిమాణం అర్థం కాదు. పక్కన నడిచి, ఈ చివరి నుంచి ఆ చివరికి చేరేసరికి తెలుస్తుంది. పొడవు 91.3 మీటర్లు, వెడల్పు ఏడున్నర మీటర్లు. అంత పొడవు మనిషి నడిచి చూడదగ్గదే కాని, ఆ ఏడున్నర మీటర్ల వెడల్పులో గొట్టాలు, తీగలు, యంత్రాలు, ట్యాంకులు అన్నీ పోగా నడవడానికి మిగిలిన దారి మాత్రం ఒక మనిషికి సరిపోయేంతే.

గేటు దాకా వచ్చిన మాస్టారు లోపలికి రానన్నాడు. "మీరు వెళ్ళి రండి, నేను గట్టు మీద కూర్చుంటాను" అన్నాడు. మేం బలవంతం చేయలేదు.

లోపల మమ్మల్ని నడిపించినవారు నౌకాదళంలో పనిచేసి విరమణ పొందిన ఒక పెద్దమనిషి. ఇక్కడ సందర్శకులకు వివరించేది ఇటువంటివారే. ఈ ప్రదర్శనశాలకు ప్రాణం వారని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. గాజు పెట్టెల పక్కన అట్టముక్కల మీద రాసిపెట్టిన సమాచారాన్ని చదువుకుంటూ నడిస్తే పావుగంటలో బయటపడవచ్చు. అదే వారు ఆగిన చోటల్లా ఆగి, చెప్పింది విని, తోచింది అడిగితే గంటయినా చాలదు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ కలిపి మాట్లాడుతూ, మా గుంపులో ఒక ఒడియా కుటుంబం ఉందని గమనించి వాళ్ళ భాషలో కూడా రెండు ముక్కలు చెప్పారు. "ముందు కాలు వెయ్యండి బాబూ, ఆ తర్వాత వంగి తల దూర్చండి" అని ప్రతి గుండ్రటి ద్వారం దగ్గరా హెచ్చరించారు. హెచ్చరించినా మా బ్యాంకు మిత్రుడికి రెండుసార్లు దెబ్బ తగిలింది.

వారు చెప్పినదాంట్లో నాకు ముందుగా పట్టుకున్నది ఈ ఓడ ఇంటికి వచ్చిన దారి. కురుసుర సోవియట్ దేశంలో, అప్పటి లెనిన్‌గ్రాడ్ నౌకా నిర్మాణశాలలో తయారైంది. 1969 డిసెంబరు 18న రీగా రేవులో భారత నౌకాదళంలో చేరింది. 1967 డిసెంబరు 8న చేరిన కల్వరి మన మొదటి జలాంతర్గామి అయితే, ఇది నాలుగోది. 1970 ఫిబ్రవరిలో ఇంటికి బయలుదేరే నాటికి, 1967 యుద్ధంలో మూతపడిన సూయజ్ కాలువ ఇంకా తెరుచుకోలేదు. 1975 దాకా అది తెరుచుకోలేదు కూడా. అందువల్ల కొత్త ఓడతో, కొత్త సిబ్బందితో, యూరపు పడమటి తీరం వెంట దిగి, ఆఫ్రికా ఖండాన్నంతా చుట్టి, మారిషస్ మీదుగా మన సముద్రంలోకి రావలసి వచ్చింది. తొలి ప్రయాణంలోనే అంత దూరం. మొత్తం 31 ఏళ్ళ సేవలో ఇది 73,500 నాటికల్ మైళ్ళు తిరిగింది. 1971 యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ కాసింది. 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పుకుంది. ఆ తరువాత దీన్ని తీరం మీదికి లాగి, కాంక్రీటు దిమ్మెల మీద నిలిపి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరిచారు. ఉపరితలం మీద తేలుతున్నప్పుడు దీని బరువు 1,950 టన్నులు. అంత బరువును ఇసుక మీదికి తెచ్చి కూర్చోబెట్టడం దానికదే ఒక సాహసం.

లోపల భాగం ఏడు గదులుగా విడివడి ఉంటుంది. ఒక గదిలోకి నీళ్ళు వచ్చినా మిగిలినవి నిలవాలని మధ్యలో ఉక్కు గోడలు కట్టి, వాటికి గుండ్రటి ద్వారాలు, బలమైన మూతలు పెట్టారు. టార్పెడోలను, అంటే నీటి లోపల దూసుకెళ్ళి ఓడలను పేల్చే ఆయుధాలను, వదిలే గొట్టాలు ముందు ఆరు, వెనుక నాలుగు. మొత్తం 22 టార్పెడోలను మోసుకుపోగలదు. గొట్టాల ముందు నిలబడి చూస్తే ఆయుధాల కంటే ముందు నా కళ్ళు పడినవి వాటి పక్కన వేలాడుతున్న పడకల మీద. టార్పెడోలు ఉన్న గదిలోనే, చేయి చాపితే తగిలేంత దూరంలో మనుషులు పడుకునేవారు. మొత్తం 75 మంది సిబ్బంది. రైలు బెర్తు కంటే ఇరుకైన ఆ పడకల్లో బ్యాంకు మిత్రుడి లాంటివాడు కాళ్ళు చాపలేడు. అధికారుల గదులు కూడా పేరుకే గదులు, మన ఇళ్ళలో బట్టల బీరువా కంటే కాస్త పెద్దవి. వంటగది మరీ చిన్నది. 75 మందికి మూడు పూటలా అక్కడే వండారంటే, వంట చేసినవారికి కూడా పతకం ఇవ్వాలని నాకు అనిపించింది. మంచినీటిని లెక్కపెట్టి వాడుకోవాలి కాబట్టి స్నానం అరుదైన సంగతి.

నడుమ ఉన్న కంట్రోల్ రూమ్‌లో చక్రాలు, మీటలు, కొలమానాలు గోడంతా నిండి ఉంటాయి. పెరిస్కోపు పైకీ కిందికీ జరిగే చోటు, దాని పక్కన చప్పుళ్ళు వినే సోనార్ గది, వైర్‌లెస్ గది అక్కడే కనిపిస్తాయి. నీటి అడుగున కళ్ళు పనిచేయవు, చెవులే దిక్కు. శత్రువుకు వినపడకూడదంటే మన వైపు ఒక గరిటె కింద పడినా ప్రమాదమే అని గైడుగారు చెప్పినప్పుడు, అంతసేపూ అల్లరి చేస్తున్న పిల్లలు కూడా గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టారు.

డీజిల్ ఇంజన్ల గదిలోకి వచ్చాక మా షెడ్డు మిత్రుడు కదలలేదు. మూడు ఇంజన్లు, ఆ తరువాతి గదిలో మూడు విద్యుత్ మోటార్లు, ఓడ వెనుక మూడు పంకాలు. ఇంజనుకు గాలి కావాలి. నీటి అడుగున గాలి ఎక్కడిది? అందుకే పైన తేలుతున్నప్పుడు, లేదా నీటి కింద కొద్ది లోతులో ఉండి స్నార్కెల్ అనే గొట్టాన్ని పైకి పెట్టి గాలి పీల్చుకుంటున్నప్పుడు మాత్రమే డీజిల్ ఇంజన్లు తిరుగుతాయి. అవి తిరుగుతూ బ్యాటరీలను నింపుతాయి. లోతుకు దిగాక ఇంజన్లను ఆపేసి ఆ బ్యాటరీల మీదే నడవాలి. మనం నడిచే నేల కిందనే, సిబ్బంది ఉండే గదుల అడుగున, 448 బ్యాటరీ సెల్లులు పరిచి ఉండేవి. ఛార్జి ఎక్కేటప్పుడు వాటి నుంచి హైడ్రోజను వస్తుంది కనుక, గాలి ఆడకపోతే ఓడకే ముప్పు. ఇదంతా విన్న మా మిత్రుడు, "అండీ, ఇంజను నడుస్తున్నప్పుడు ఈ గదిలో మనిషి ఎంతసేపు నిలబడేవాడు? చెవులు ఏమయ్యేవి?" అని అడిగాడు. గైడుగారి ముఖం వెలిగిపోయింది. ఇంజను వేడి, చమురు వాసన, ఒకరి మాట ఒకరికి వినపడక చేతులతో సైగలు చేసుకోవడం, అన్నీ చెప్పుకొచ్చారు. వెనుక నుంచి గుంపు తోసుకొస్తున్నా వారిద్దరూ ఒక పది నిమిషాలు ఒకే వృత్తిలో పెరిగిన అన్నదమ్ముల్లా మాట్లాడుకున్నారు. ఆ పది నిమిషాల కోసమైనా ఈ ప్రయాణం చేయవచ్చని నేను అనుకున్నాను.

ఇక్కడ ఒక విన్నపం. శనివారం సాయంత్రం లోపలికి వచ్చిన చాలామంది ప్రతి ద్వారం దగ్గరా ఆగి తమ ఫోటోలు తాము తీసుకుంటూ, వివరించేవారి మాటను పట్టించుకోకుండా ముందుకు వెళ్ళిపోయారు. దారి ఇరుకు కాబట్టి ఒకరు ఆగితే వెనుక ఇరవై మంది ఆగాలి. ఫోటోలు బయట, ఓడ పక్కన నిలబడి ఎన్నయినా తీసుకోవచ్చు. లోపల ఉన్నంతసేపు ఆ పెద్దమనుషుల మాట వినండి. సముద్రం అడుగున నెలల తరబడి పనిచేసినవారి నోటి నుంచి ఆ బతుకు గురించి వినే అవకాశం మనలాంటివాళ్ళకు మరెక్కడ దొరుకుతుంది?

మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు ఆ గుండ్రటి ద్వారాలు కష్టమే. ప్రతిసారీ వంగి, కాలెత్తి దాటాలి. చీర కట్టుకున్నవారు కుచ్చిళ్ళు జాగ్రత్తగా పట్టుకోవాలి. చంకన పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు పిల్లల తల మీద చేయి అడ్డుపెట్టుకోవాలి. వీపు సంచులు తగిలించుకుని వెళితే పక్కనున్న మీటలకు తగులుతాయి. తీరిగ్గా చూడాలంటే సెలవు రోజు సాయంత్రం కాకుండా మామూలు రోజు తెరవగానే వెళ్ళడం మంచిది.

బయటికి వచ్చాక రోడ్డు దాటితే ఎదురుగానే టీయూ-142 విమానం ఉంది. ఇది కూడా ప్రదర్శనశాలే. 1988 నుంచి 2017 వరకు 29 ఏళ్ళపాటు మన నౌకాదళంలో పనిచేసిన ఈ విమానాల పని సముద్రం మీద ఎగురుతూ జలాంతర్గాములను వెతికి వేటాడటం. ఒక్కో ఇంజనుకు రెండేసి వరసల పంకా రెక్కలు, అవి ఒకదానికొకటి ఎదురు దిశలో తిరుగుతాయి. వేటగాడినీ, వేటకు చిక్కకుండా దాక్కోవలసినదాన్నీ ఒకే రోడ్డుకు రెండు వైపులా నిలిపారు. రెండూ సోవియట్ దేశంలో పుట్టినవే, రెండూ మన దగ్గర ఉద్యోగం చేసి ఇప్పుడు ఎదురెదురుగా విశ్రాంతి తీసుకుంటున్నాయి. ముందు జలాంతర్గామి, తర్వాత విమానం చూస్తేనే ఈ సంబంధం మనసుకు ఎక్కుతుంది. ఆ వరుస మార్చవద్దు.

సాయంత్రం మాస్టారిని కలుపుకుని బీచ్ రోడ్డు వెంట నడిచాం. మురీ మిక్చరు పొట్లాలు కొనుక్కుని తిన్నాం. సన్నగా తరిగిన ఉల్లిపాయ, నిమ్మరసం, కారం కలిపి అప్పటికప్పుడు ఇచ్చే ఆ మరమరాలకు విశాఖ తీరం గాలి తోడయితేనే రుచి. ఈ ఒడ్డున మాత్రం నీళ్ళలోకి దిగవద్దని ప్రతి మిత్ర బృందానికీ గట్టిగా చెబుతాను. లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, వెనక్కి లాగే అల బలమైనది, ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న యువకులు ఎందరో. నీళ్ళలో ఆడుకోవాలని ఉంటే రుషికొండకు వెళ్ళి, కాపలా ఉన్నచోట, వాళ్ళు చెప్పిన హద్దులో ఆడుకోవచ్చు.

నడుస్తూ 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం దగ్గర ఆగాం. ఆ ఏడాది డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గరలోనే పేలి మునిగిపోయింది. దాని శకలాలు ఇప్పటికీ ఈ నీళ్ళ అడుగునే ఉన్నాయి. మధ్యాహ్నం కురుసుర లోపల ఆ పడకలను చూసి వచ్చిన నాకు, ఆ మునిగిన ఓడలో కూడా అలాంటి పడకలే, అలాంటి వంటగదే ఉండి ఉంటాయన్న ఆలోచన వచ్చి చాలాసేపు మాట రాలేదు. శత్రువులే అయినా వాళ్ళూ ఎవరి కొడుకులో. మా వాళ్ళు కూడా సముద్రం వైపు చూస్తూ అలాగే నిలబడిపోయారు. కాసేపటికి మాస్టారు, "రేపు పొద్దున్న ఇంకోసారి వెళదామా? నేనూ వస్తాను" అన్నాడు.

ఆదివారం ఉదయం కూడా తెరుస్తారు. మా తిరుగు బండి మధ్యాహ్నం కాబట్టి, సంచులు భుజాన వేసుకుని పది గంటలకే గేటు దగ్గర నిలబడ్డాం. తెరవగానే వెళ్ళడం వల్ల లోపల జనం లేరు. నిన్నటి పెద్దమనిషే ఉన్నారు. మా సంచులను బయట ఒక పక్కన పెట్టించి, మాస్టారి సంగతి చెబితే, "ముందు ఈ ద్వారం దాకా రండి సార్, వద్దనిపిస్తే వెనక్కి తిరుగుదాం, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు. ప్రతి గదిలోనూ అదే మాట అన్నారు. తొందరపెట్టలేదు, పరిహాసం చేయలేదు. మూడో గదికి వచ్చేసరికి మాస్టారు చెమటతో తడిసిపోయాడు కాని వెనక్కి తిరగలేదు. కంట్రోల్ రూమ్‌లో పెరిస్కోపు పక్కన నిలబడి, "లోపల ఉన్నవాళ్ళకు పగలో రాత్రో ఎలా తెలిసేదండీ?" అని అడిగాడు. "గడియారం చూసి," అన్నారాయన, "లేదంటే వంటవాడు ఏం పెట్టాడో చూసి. టిఫిను పెడితే తెల్లారినట్టు."

డబ్బు పుచ్చుకుని చూపించే చోట్లు ఎన్నో చూశాను. భయపడుతున్న ఒక మనిషిని ఇంత గౌరవంగా చేయిపట్టి నడిపించిన చోటు మాత్రం ఇదే.

బండి ఎక్కాక మాస్టారు తన టికెట్టు ముక్కను తిరగేసి దాని వెనుక లెక్క మొదలుపెట్టాడు. లోపలి ద్వారాన్ని జానతో కొలిచాడట, అడ్డంగా మూడు జానలు, అంటే రమారమి 60 సెంటీమీటర్లు. బయటికి వెళ్ళే మూత కూడా అంతే ఉందనుకుందాం అన్నాడు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కాబట్టి, 100 మీటర్ల అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 10 కిలోల బరువు. అనకాపల్లి దాటేలోపు లెక్క తేలింది: ఆ ఒక్క మూత మీద 28 టన్నులు. మా షెడ్డు మిత్రుడు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "అంటే లోడెత్తిన పది చక్రాల లారీ వచ్చి ఆ మూత మీద నిలబడినట్టురా" అన్నాడు. మాస్టారు ఆ మాటను కూడా లెక్క కింద రాసుకుని, సోమవారం తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాలని టికెట్టును జేబులో పెట్టుకున్నాడు.